హైదరాబాద్ ఎఫ్‌సి నగరం విడిచి వెళ్ళింది అభిమానులు లేకనేనా?

2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సి నాలుగేళ్ళు తిరగకముందే ఢిల్లీకి ఎందుకు తరలిపోయిందని, ఈ నగరంలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు లేకనే అలా జరిగిందా అని, ఇక ఇక్కడివాళ్ళు ఏ జట్టును చూడాలని మీరు అడిగారు. చూసేవాళ్ళు లేరన్న మాటను నేను ఒప్పుకోను. ఆ క్లబ్ గచ్చిబౌలిలో ఆడిన మొదటి మ్యాచ్‌కు డెబ్భై ఏళ్ళ మా నాన్నగారిని వెంటబెట్టుకొని వెళ్ళాను, కప్పు గెలిచిన రాత్రి గోవాలో గ్యాలరీలో ఉన్నాను, ఒక్క విజయంతో సీజన్ ముగించిన ఏడాదీ టికెట్ కొని కూర్చున్నాను. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

మాది మల్కాజిగిరి. మా తాతగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఆ రోజుల్లో రైల్వే క్వార్టర్లలోనూ బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ వంటి కంటోన్మెంట్ బస్తీలలోనూ పిల్లలకు ఆట అంటే ఫుట్‌బాలే. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొని వచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి మా ఇంట్లో పండుగ పూట చెప్పుకునేవారు. నాన్నగారికి ఊహ తెలిసేసరికి అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఫతే మైదానంలో యూసుఫ్ ఖాన్ ఆటను తాతగారి భుజాల మీద కూర్చొని చూశానని ఆయన ఇప్పటికీ చెబుతారు. ఆ యూసుఫ్ ఖాన్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడినవాడు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నవాడు. ఆ రెండు జట్లకూ, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టుకూ శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. ఆయనే 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఈ పదమూడేళ్ళ సంగతిని గుర్తుపెట్టుకోండి, దాని అవసరం ముందు వస్తుంది.

ఇటువంటి ఇంట్లో పుట్టినవాడికి 2019 ఆగస్టులో హైదరాబాద్‌కు మళ్ళీ పెద్ద జట్టు వస్తోందన్న వార్త ఎంత సంతోషం కలిగించి ఉంటుందో మీరే ఊహించుకోండి. నిజానికి అది కొత్తగా మొలిచిన క్లబ్ కాదు. పూణే సిటీ క్లబ్ మూతపడగా లీగ్‌లో ఖాళీ అయిన స్థానం ఇక్కడికి వచ్చింది. ఒక ఊరి నుంచి ఎత్తి మరో ఊరిలో పెట్టడం ఈ లీగ్‌లో ఎంత సులువో ఆనాడే అర్థం కావలసింది. మాకు అప్పుడు ఆ ధ్యాసే లేదు.

2019 నవంబరు 2న కేరళ బ్లాస్టర్స్‌తో తొలి సొంతగడ్డ మ్యాచ్. దానికి వారం ముందు కలకత్తాలో మన జట్టు అక్కడి క్లబ్ ఏటీకే చేతిలో 5-0తో చిత్తుగా ఓడి వచ్చింది. అయినా నాన్నగారు మధ్యాహ్నానికే చొక్కా ఇస్త్రీ చేయించుకొని సిద్ధంగా కూర్చున్నారు. మల్కాజిగిరి నుంచి గచ్చిబౌలికి వెళ్ళాలంటే నగరాన్ని ఒక కొస నుంచి మరో కొసకు దాటాలి. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట ముగించుకొని రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకున్న బస్తీలన్నీ సికింద్రాబాద్ వైపూ పాతబస్తీ వైపూ ఉంటే, జట్టును తీసుకుపోయి ఐటీ కంపెనీల మధ్య పెట్టారు. అక్కడ వేలమంది ఉద్యోగులు ఉన్న మాట నిజమే, కానీ వారిలో చాలామంది వేరే ఊళ్ళ నుంచి వచ్చినవారు. ఆ రాత్రి గ్యాలరీలో కేరళ అభిమానులు మనవాళ్ళతో సమానంగా కనిపించడానికి కారణం అదే. ముందు కేరళ యువకుడు రాహుల్ గోల్ చేశాడు. తరువాత పెనాల్టీతో స్టాంకోవిచ్ లెక్క సరిచేశాడు, ఆఖర్లో మార్సెలిన్హో ఫ్రీకిక్ నేరుగా వలలో పడింది. 2-1తో గెలిచాం. నాన్నగారు లేచి నిలబడి చాలాసేపు కూర్చోలేదు. ఆ సీజన్ మొత్తం మీద సొంతగడ్డపై మనకు దక్కిన గెలుపు అదొక్కటే. పది పాయింట్లతో పట్టికలో అట్టడుగున మిగిలాం.

ఇక ఫైనల్ రాత్రి సంగతి చెప్పాలి, మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం. కరోనా కారణంగా 2020-21, 2021-22 సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. 2022 మార్చి 20న మడ్గావ్‌లోని ఫటోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌కు మాత్రం గేట్లు తెరిచారు. నేనూ నా స్నేహితులు ఇద్దరూ కలిసి రాత్రి బస్సులో మడ్గావ్ వెళ్ళాం. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అంత ప్రయాణం వద్దన్నాం. ఆయన టీవీ ముందు కూర్చుంటానని, ఫోన్ మాత్రం దగ్గర పెట్టుకొమ్మని చెప్పారు.

స్టేడియం దగ్గరకు చేరేసరికి ఎటు చూసినా పసుపు రంగే. అది మన జట్టు రంగు కదా అని మొదట గుండె పొంగింది, కానీ ఆ పసుపంతా కేరళ వాళ్ళది. రైళ్ళలో, బస్సుల్లో, మోటారు సైకిళ్ళ మీద వేలాదిగా తరలివచ్చారు. లీగ్ పట్టికలో కేరళ కన్నా పైన నిలిచినందువల్ల ఫైనల్లో పసుపు జెర్సీ వేసుకునే హక్కు మన జట్టుకు దక్కింది, కేరళ ఆటగాళ్ళు నల్ల జెర్సీలతో దిగారు. మైదానంలో పసుపు వేసుకున్నది మనవాళ్ళు, గ్యాలరీలో పసుపు వేసుకున్నది మన ప్రత్యర్థులు. మా చుట్టూ ఉన్న వరుసల్లో హైదరాబాద్ కోసం అరిచేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రెండో అర్ధభాగంలో, 68వ నిమిషంలో, గచ్చిబౌలిలో మన మీద మొదటి గోల్ చేసిన ఆ రాహులే మళ్ళీ గోల్ చేశాడు. స్టేడియం అదిరిపోయింది. మా పక్కన కూర్చున్న కేరళ కుటుంబం మా ముఖాలు చూసి జాలిపడి అరటికాయ చిప్స్ పొట్లం మా చేతిలో పెట్టింది.

ఆట ముగియడానికి రెండు నిమిషాలు ఉందనగా, బదులు ఆటగాడిగా వచ్చిన గోవా కుర్రవాడు సాహిల్ తవోరా పెనాల్టీ పెట్టె బయటి నుంచి గాలిలో ఉన్న బంతిని కొట్టిన దెబ్బకు అది వలలో పడింది. ఒక క్షణం పాటు అంతటి జనంలో మా ముగ్గురి గొంతులే నాకు వినిపించాయి. అదనపు సమయంలో ఎవరూ గోల్ చేయలేదు. పెనాల్టీలు మొదలవుతుండగా ఫోన్ మోగింది. నాన్నగారు "గోలీ దిక్కే చూడు బిడ్డా, కొట్టేటోని దిక్కు చూడకు" అని పెట్టేశారు. నేను అలాగే మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిని చూస్తూ కూర్చున్నాను. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టిన బంతిని ఆపాడు. నిషు కుమార్ కొట్టిన బంతినీ ఆపాడు. గీత దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టిస్తే, రెండోసారీ ఆపాడు. జీక్సన్ సింగ్ కొట్టినదీ ఆపాడు. చివరకు మన హాలిచరణ్ నర్జారీ బంతిని వలలోకి పంపగానే 3-1తో కప్పు మనదైంది. నేను ఫోన్ చేస్తే నాన్నగారు మాట్లాడలేకపోయారు, అమ్మ తీసుకొని "ఏడుస్తున్నడు, తర్వాత చెయ్" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రాత్రి మావాళ్ళు అంత తక్కువగా ఎందుకు ఉన్నారు? ఫటోర్డా నుంచి తిరిగివచ్చేటప్పుడు బస్సులో నేను ఆలోచించినది ఇదే. మానోలో మార్కెజ్ శిక్షణలో అయిదో స్థానానికి ఎగబాకి, మరుసటి ఏడాది కప్పు గెలిచిన ఆ జట్టు ఆ రెండు సీజన్లలోనూ హైదరాబాద్ మైదానంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. పద్దెనిమిది గోల్స్‌తో, అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవారికి ఇచ్చే గోల్డెన్ బూట్ గెలిచిన ఒగ్బెచే మన జట్టు తరఫున ఎలా పరుగెత్తుతాడో ఆ ఏడాది గచ్చిబౌలి గ్యాలరీ చూడనేలేదు. 2022 అక్టోబరులో జట్టు ఇంటికి తిరిగివచ్చేసరికి మేము వారిని టీవీలో తప్ప ఎరగము. కేరళ వాళ్ళకూ అదే కరోనా, అదే గోవా, నిజమే. కానీ వాళ్ళకు అంతకుముందే ఆరు సీజన్ల అనుబంధం ఉంది, మాకున్నది ఒక్క సీజన్, అదీ అట్టడుగు స్థానంతో. అభిమానం అనేది గెలిచినప్పుడు కాక, బస్సు దిగి గేటు దగ్గర నిలబడి జట్టును చూసినప్పుడు పుడుతుంది. ఆ రెండు సీజన్లు ఇక్కడే ఆడి ఉంటే ఈ క్లబ్ ఇవాళ ఢిల్లీలో ఉండేది కాదని నేను గట్టిగా చెబుతాను.

పోనీ తిరిగివచ్చాక నిలబడ్డారా అంటే, ఒక్క ఏడాది నిలబడ్డారు. 2022-23లో మళ్ళీ లీగ్‌లో రెండో స్థానం, సెమీఫైనల్లో కలకత్తాలో పెనాల్టీలతో ఓటమి. ఆ వెంటనే మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయారు. తరువాతి సీజన్‌లో ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు అందకపోవడం, కొత్తవారిని తీసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళిపోవడం అన్నీ దేశమంతా చూసింది. కుర్రవాళ్ళతో నెట్టుకొచ్చిన ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఆ చలికాలంలో నేను చూసిన ఒక మ్యాచ్‌లో గ్యాలరీ ఎంత ఖాళీగా ఉందంటే, ఆటగాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం పై మెట్టు దాకా వినిపించింది. అయినా ఆ పిల్లలు చివరి విజిల్ దాకా పరుగెత్తారు. నా దృష్టిలో ఆ క్లబ్ చరిత్రలో ఎక్కువ గౌరవానికి అర్హులు వారే. 2024లో యాజమాన్యం మారింది, ఆ సీజన్‌లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం దక్కింది, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొని తరలిపోయింది.

పోలీస్ జట్టుతో పోల్చి చూస్తే లోటు ఎక్కడుందో కనబడుతుంది. ఆ జట్టు ఆటగాడికి పోలీసు ఉద్యోగం ఉండేది, జీతం ఆగేది కాదు, ఆట మానేశాక కూడా ఈ నగరంలోనే బతికేవాడు. పదమూడేళ్ళ పాటు ఒకే శిక్షకుడు ఉన్నాడు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం దగ్గర ఫతే మైదానం దాకా రావడానికి డబ్బులు లేవని తెలిసి, రహీం గారు సైకిల్ అద్దెకు డబ్బు ఇచ్చి సాధనకు రప్పించుకున్నారని మా వైపు అందరూ చెప్పుకుంటారు. ఆ బలరామే మెల్బోర్న్‌లో, రోమ్‌లో దేశానికి ఆడాడు. 2022 ఫైనల్లో మన జట్టు తరఫున మొదట మైదానంలోకి దిగిన పదకొండు మందిలో ఈ నగరంలో పుట్టి పెరిగినవాడు ఒక్కడూ లేడు. వారిని తప్పుపట్టడం లేదు, వారి ఆటకు చేతులెత్తి మొక్కాను. కానీ తిరుమలగిరిలో ఒక బస్తీ పిల్లవాడు ఆ జట్టులో ఉండి ఉంటే, ఆ బస్తీ మొత్తం గచ్చిబౌలికి కదిలి వచ్చేది.

మన తెలుగు పత్రికల క్రీడా పేజీని కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన సొంత నగరపు జట్టు వార్త, క్రికెట్ సాధన శిబిరంలో ఎవరికి మడమ బెణికిందన్న వార్త కింద రెండు అంగుళాలలో ఇమిడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆటగాడి పేరు తెలియని పిల్లవాడు టికెట్ కోసం తండ్రిని ఎలా అడుగుతాడు? ఫతే మైదానం సంగతి చూస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది. లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారిన ఆ చోట ఈ రోజుల్లో ఆటల కన్నా బహిరంగ సభలూ ప్రమాణ స్వీకారాలూ జరిగినప్పుడే జనం కనబడుతున్నారు. గచ్చిబౌలి కన్నా ఆ బస్తీలకు దగ్గరగా ఉన్న మైదానం అదే.

ఇప్పుడు ఎవరిని చూడాలని మీరు అడిగిన దానికి నా జవాబు శ్రీనిధి దక్కన్. ఇండియన్ సూపర్ లీగ్ కింది స్థాయి పోటీ అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచిన జట్టు అది, మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్ దగ్గర దానికి సొంత మైదానం ఉంది. ఢిల్లీ వార్త చదివి వినిపించినప్పుడు నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తరువాత అజీజ్‌నగర్ ఎంత దూరమని అడిగారు. గచ్చిబౌలి కన్నా దూరమే నాన్నా అన్నాను. "అయితే పొద్దుగాలనే బయలెల్లాలె" అన్నారు.