దిగుడులోనే అసలు పరీక్ష

ప్రశ్న: కేబీఆర్ పార్కు చుట్టూ వారానికి 40 కిలోమీటర్లు పరిగెడతాను. మూడు నెలల్లో 50 కిలోమీటర్ల కొండదారి పందెం ఉంది. ఎలా సిద్ధపడాలండీ?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ దారిలో మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో కనుక్కోండి, దూరం కన్నా అదే ముఖ్యం. నిటారు చోట నడవండి, తప్పేం లేదు. తొడలు దెబ్బతినేది దిగేటప్పుడే. కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి మరి! అందుకే వారానికోసారి పదంతస్తుల మెట్లు ఎక్కి, లిఫ్టు జోలికి పోకుండా దిగండి. నాలుగుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పదికి పెంచండి. వీలైనప్పుడల్లా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి. కాలు ముందుకు చాచి మడమతో ఆపబోతే దెబ్బంతా మోకాలికే.

బూటులో వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేదంటే గోరు గుద్దుకుని నల్లబడుతుంది. చీలమండ దగ్గరి చివరి రంధ్రంలోంచి కూడా లేసు తీసి బిగిస్తే పాదం ముందుకు జారదు.

గంటకు సుమారు అర లీటరు నీళ్లు, 30–60 గ్రాముల పిండిపదార్థం చాలు. దాహాన్ని మించి ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక కనిపిస్తే పరుగు ఆపేసి వెంటనే వైద్య సిబ్బందికి చెప్పండి. చివరి పది రోజులు మెట్లు పూర్తిగా మానేయండి.