సెల్ఫ్ కొడితే ఫిష్ ఫైండర్ ఆరిపోతోంది, మెషిన్ మార్చాలా?

మార్చకండి. నాన్నగారి ఫైబర్ బోటుకి కొత్తగా ఫిష్ ఫైండర్ (నీటి అడుగున లోతునీ చేపల్నీ తెర మీద చూపించే మెషిన్) పెట్టించామనీ, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ తెర ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి వెలుగుతోందనీ, షాపువాళ్ళు తెచ్చిచ్చేస్తే వేరేది ఇస్తామంటున్నారనీ రాశారు. వేరేది తెచ్చి పెట్టినా ఇదే తంతు. అందులో లోపమేమీ లేదు, దానికి కరెంటు అందడం లేదు.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి వైరింగ్ పని చేస్తాను. ఫిష్ ఫైండర్‌నే మా దగ్గర ఎకో అంటారు. ‘ఎకో పాడైంది’ అని నా దగ్గరికి వచ్చే కేసుల్లో నిజంగా ఎకో పాడైనవి చాలా తక్కువ. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీ నుంచి ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటు లాగేసుకుంటుంది. నిండా ఛార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టిన ఆ కాసేపు 10 దగ్గరికి పడిపోతుంది, బ్యాటరీ పాతదైతే ఇంకా కిందికి. ఈ మెషిన్లలో చాలావాటికి 10 వోల్టులే హద్దు. అంతకన్నా తగ్గితే ఆగిపోతాయి.

షాపుకి వెళ్ళేముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. స్కూటర్ బ్యాటరీయో, ఇంట్లో 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీయో ఉంటే ఫిష్ ఫైండర్ ఒక్కదాన్నే దానికి కలిపి, బోటు సెల్ఫ్ కొట్టి చూడండి. తెర ఆరకపోతే తేలిపోయినట్టే. దోషం బోటు బ్యాటరీదో, వైరింగ్‌దో.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. మన రేవుల్లో తెర మీద పెట్టే డబ్బులో పదో వంతు కూడా వైరు మీద పెట్టరు. ఒక మర బోటు సంగతి చెప్తాను, చూడండి.

ఐసు, డీజిల్ ఎక్కించి తెల్లారితే వేటకి బయల్దేరాల్సిన బోటు అది. సరంగు (బోటు నడిపే పెద్ద) ఫోన్ చేసి, ‘వైర్‌లెస్‌లో మాట్లాడితే ఎకో ఆరిపోతోంది, వచ్చి చూడు అన్నా’ అన్నాడు. వెళ్ళాను. అతను మైకు నొక్కాడు, తెర నల్లబడింది. వదిలాడు, వెలిగింది. ఓనరు పక్కనే నిలబడి ‘ఎకో సెట్టు మార్చేద్దాం’ అంటున్నాడు. అంతకుముందే ఒకసారి సెట్టు మార్చారట, బ్యాటరీ కూడా మార్చారట.

తెర వెనక ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టాను. 11.8 ఉంది. మైకు నొక్కితే 9.6. సరంగుని నొక్కి పట్టుకోమని చెప్పి ఇంజిన్ రూములోకి దిగి బ్యాటరీ టెర్మినళ్ళ మీద చూశాను, అక్కడ 12.1. అంటే రెండున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయి. బ్యాటరీ నుంచి క్యాబిన్ దాకా ఇంట్లో టేబుల్ ఫ్యాన్‌కి వాడే 0.75 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు లాగారు. వెళ్ళడానికి 8 మీటర్లు, రావడానికి 8 మీటర్లు. ఆ వైరుకి అంత పొడవున దాదాపు 0.4 ఓమ్ నిరోధం ఉంటుంది. ఎకో ఒక్కటే ఉంటే ఒక ఆంపియర్ లాగుతుంది, 0.4 వోల్టు పోతుంది, అంతే. వీహెచ్ఎఫ్‌లో, అంటే ఆ వైర్‌లెస్‌లో, మాట్లాడేటప్పుడు అది ఇంకో 5, 6 ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ అదే వైరు. లెక్క వేసుకోండి.

మధ్యలో ఒక జాయింటు ఉంది. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు విప్పితే ఆకుపచ్చ పొడి రాలింది, లోపల రాగి నల్లగా మాడినట్టుంది. ఉప్పుగాలికి మామూలు రాగి తీగ అలాగే అయిపోతుంది. ఫ్యూజు ఉండాల్సినచోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టారు. అదే క్యాబిన్ వెనక గ్యాస్ స్టవ్వు, కింద డీజిల్ ట్యాంకు.

అసలు జబ్బు దానికన్నా లోపల ఉంది. బోటుది 24 వోల్టుల సిస్టమ్. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి, ఉన్నాయి. ఎకోకి 12 వోల్టులు కావాలి కాబట్టి రెండిట్లో ఒక బ్యాటరీ నుంచి వైరు లాగేశారు. చూడ్డానికి తెలివైన పనిలాగే ఉంటుంది. ఇంజిన్ నడిపించి మీటర్ పెట్టాను. ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీలని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ 28 వోల్టులు ఇస్తోంది. వైరు లాగిన బ్యాటరీ మీద 12.9, రెండోదాని మీద 15.1. మొదటిదానికి కడుపు నిండదు, రెండోది పొంగి ఉడికిపోతుంది. పెట్టె పక్కలు ఉబ్బి, కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది. ఓనరు మార్చిన బ్యాటరీ ఏదని అడిగితే ఆ ఉబ్బినదాన్నే చూపించాడు. బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటూ ఇంకోటి కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. పాపం, ఆ కంపెనీ ఏం చేస్తుంది?

24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టాం, రెండు బ్యాటరీల మొత్తం మీద నుంచి. ఎకోకి ఒక వైరు, వీహెచ్ఎఫ్‌కి ఇంకో వైరు. మైకు నొక్కితే తెర కదల్లేదు. ఓనరు మాత్రం బిల్లు చూసి, ‘వైరుకి ఇంత ఖర్చేమిటి’ అన్నాడు. సెట్టు రెండోసారి కొన్నప్పుడు ఈ ప్రశ్న రాలేదు. సముద్రంలో ఎకో చచ్చి, రాళ్ళ మీద వల లాగితే పోయేది ఒక్క వేట డబ్బు కాదు, వలే పోతుంది.

మీది చిన్న ఫైబర్ బోటు కాబట్టి మీకు అంత తతంగం అక్కర్లేదు. ఇంజిన్ బ్యాటరీని దాని మానాన వదిలేసి, ఎకోకి వేరే బ్యాటరీ పెట్టండి. రాత్రంతా వేట చేస్తే ఒక ఆంపియర్ చొప్పున 12 గంటలకి 12 ఆంపియర్ అవర్లు అవుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికన్నా కిందికి దించకూడదు, కాబట్టి 26 ఆంపియర్ అవర్లది సరిపోతుంది. షాపులో 7ది అంటగడతారు, తీసుకోవద్దు. వేరే బ్యాటరీకి ఇప్పుడు డబ్బు లేదంటే, ఉన్నదాని టెర్మినళ్ళకే నేరుగా లగ్గులతో (వైరు చివర తొడిగే లోహపు కొక్కేలతో) బిగించండి. లైట్ల స్విచ్‌బోర్డు నుంచి మాత్రం తీసుకోకండి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే ఎకో ఆన్ చెయ్యమని నాన్నగారికి చెప్పండి.

వైరు 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్, తగరం పూత ఉన్నది. దొరక్కపోతే మామూలు మంచి రాగి వైరే వాడి, చివర్లు మాత్రం జాగ్రత్తగా మూయాలి. జాయింట్లు మెలిపెట్టొద్దు. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురు ఉన్న స్లీవ్ వేడిచేసి మూయించండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి. అమెరికా బోట్ల ప్రమాణాల్లో 7 అంగుళాల లోపు అని రాసి ఉంది, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది మెషిన్‌ని కాదు, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఒరుసుకుని షార్ట్ అయితే ఆపేది ఏదీ ఉండదు. ఎన్ని ఆంపియర్ల ఫ్యూజో మీ మెషిన్ పుస్తకంలో ఉంటుంది, చిన్నవాటికి సాధారణంగా 3.

ఇంకో మాట. తెర మీద చుక్కలు, చారలు నిండిపోయి చేపల గుంపులా కనిపిస్తే వల వేసేముందు ఎల్ఈడీ లైట్లు ఆపి చూడండి. చవక లైట్ల డ్రైవర్లు (లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్లు) కరెంటులో గోల గోలగా అలజడి పుట్టిస్తాయి, ఎకో దాన్ని చేపలనుకుంటుంది. సెన్సార్ కేబుల్‌ని కరెంటు వైర్లతో కలిపి కట్టెయ్యకుండా బోటుకి రెండో పక్కనుంచి తెచ్చుకోండి. పొడవు ఎక్కువైందని దాన్ని కొయ్యొద్దు. మిగిలింది చుట్టి పెట్టండి.

షాపులవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం. సెట్టు అమ్ముతారు, బిగించే మనిషిని మీరే చూసుకోమంటారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, సరంగు చదవలేడు. ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రెండు నెలలూ బోట్లు ఖాళీగా ఉంటే ఎవరూ వైరింగ్ ముట్టుకోరు. చివరి రెండు రోజుల్లో అందరూ ఒకేసారి పిలుస్తారు. టెన్షన్‌లో చేసిన జాయింటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 2024 నుంచి కేంద్రం బోట్లకి ట్రాన్స్‌పాండర్లు కూడా పెడుతోంది, ఆపదలో ఒడ్డుకి కబురు పంపడానికి. అలాంటి ప్రాణాల మీద పనికొచ్చే సామానుకీ అదే ఫ్యాను వైరు కలిపెయ్యడం కళ్ళారా చూస్తున్నాను.

మీ విషయంలో ముందు ఆ చిన్న బ్యాటరీ పరీక్ష చెయ్యండి. షాపువాళ్ళు అప్పటికీ మెషిన్‌దే తప్పంటే, వాళ్ళ కౌంటర్ మీదే వేరే బ్యాటరీకి కలిపి అరగంట నడిపించి చూపించమనండి. అక్కడా ఆరిపోతేనే మార్చుకోండి.