ల్యాబ్‌లో పనిచేసిన మందును పేషెంటు దాకా ఎవరు తీసుకెళ్తారు?

ప్రశ్న: బయోటెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. నా రీసెర్చ్ పేపర్లతో ఆగిపోకుండా మందుగా రోగులకు అందాలని కోరిక. డాక్టరు చదవకపోతే అది కుదరదంటున్నారు. పీహెచ్‌డీ చేయనా, వేరే దారి చూసుకోనా?

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. డాక్టర్లకు తప్ప వేరేవాళ్లకు ఇందులో చోటు లేదనేది ఉత్తమాట.

ఇన్సులిన్ సంగతే చూడు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు క్లోమం నుంచి తీసిన రసంతో కుక్కల రక్తంలో చక్కెర తగ్గింది. తీరా 1922 జనవరిలో మధుమేహంతో ఉన్న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఎక్కిస్తే ఫలితం అంతంతమాత్రం, పైగా సూది గుచ్చిన చోట గడ్డ లేచింది, ఎందుకంటే ఆ రసం నిండా మలినాలే. కాలిప్ అనే బయోకెమిస్ట్ కూర్చుని, ఆల్కహాల్ శాతం మార్చి మార్చి చూసి దాన్ని శుద్ధి చేశాక, మొదటి సూదికి పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఇస్తే అప్పుడు చక్కెర దిగింది. తర్వాత ఎక్కువ మొత్తంలో తయారుచేయబోతే కొన్నాళ్లు అసలు కుదరనే లేదు! కనిపెట్టడం ఒక పని, మనిషికి ఇవ్వగలిగేలా చేయడం ఇంకో పని. ఉద్యోగాలు ఎక్కువగా ఈ రెండో దాంట్లోనే ఉంటాయి, కాలేజీలో మాత్రం దీని గురించి ఎవరూ చెప్పరు.

మందుగా పనికొచ్చే అణువు దొరికాక జంతువుల్లో విషప్రభావం చూసేవాళ్లు, మాత్రగానో ఇంజెక్షన్‌గానో మలిచేవాళ్లు, ప్రతి బ్యాచ్ ఒకేలా వచ్చేలా చూసేవాళ్లు కావాలి. ఆ తర్వాత ట్రయల్స్, అంటే మనుషుల మీద పరీక్షలు. మొదటి దశలో పదుల మంది, మూడో దశకు వచ్చేసరికి వందలు, వేల మంది. ఎంతమందిని తీసుకోవాలి, ఏ కొలత మారితే మందు పనిచేసినట్టు అని ముందే తేల్చేది బయోస్టాటిస్టిషియన్. బయాలజీ చదివినవాళ్లు లెక్కలంటే పారిపోతారు కాబట్టి, నీకు అవి పడితే ఆ దారి వదలొద్దు. అనుమతుల కోసం ఫైళ్లు సిద్ధం చేసే రెగ్యులేటరీ పని, మందు బయటికొచ్చాక దుష్ప్రభావాలు కనిపెట్టి చూసే పని కూడా ఉన్నాయి.

ఓపిక మాత్రం ఉండాలి. ఒక రకం రక్త క్యాన్సర్‌లో కురచ క్రోమోజోమ్ బయటపడింది 1960లో, ఆ లోపం మీద పనిచేసే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. మనుషుల మీద పరీక్ష దాకా వచ్చిన మందుల్లోనూ సుమారు పదింట ఒకటే గట్టెక్కుతుంది.

ప్రశ్న నీదే అయి ఉండాలి, ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉండగలవు అనుకుంటే పీహెచ్‌డీ చెయ్యి. లేదంటే ఫార్మకాలజీలోనో, క్లినికల్ రీసెర్చ్‌లోనో, బయోస్టాటిస్టిక్స్‌లోనో పీజీ చాలు. తేల్చుకోలేకపోతే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో నీకు నచ్చిన జబ్బు మీద ఒక ట్రయల్ తెరిచి చదువు, ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు, ఎన్నో వారంలో ఏం కొలుస్తారు అని. అది చదువుతుంటే బోర్ కొడితే నీ చోటు ల్యాబ్ బెంచ్ దగ్గరే.

పీహెచ్‌డీకే వెళ్తే గైడ్ పేరు చూసి మోజు పడకు. ల్యాబ్‌కు రోగుల శాంపిళ్లు వస్తాయా, ఏ ఆస్పత్రితో కలిసి పనిచేస్తున్నారు, పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు అని చేరకముందే అడుగు.