ఆటోగ్రాఫ్‌ల వ్యాపారానికి డబ్బు పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఎఫ్-1 వీసా మీద టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. వాళ్ల యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ చేత 200 ఆటోగ్రాఫ్‌లు పెట్టించి అమ్మాలని ఇద్దరు స్నేహితులతో కలిసి అనుకుంటున్నాడు. ఆటగాడికి ముందే 10,000 డాలర్లు ఇవ్వాలట. ఒక్కోటి 100కి అమ్మితే డబ్బు రెట్టింపు అవుతుందంటూ, తన వాటాగా 4,000 డాలర్లు అడుగుతున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పంపవద్దండి. ఆటగాడికి డబ్బిచ్చి సంతకాలు పెట్టించుకోవడం ఇప్పుడు తప్పేమీ కాదు. ఒకప్పుడు కాలేజీ ఆటగాళ్లు అలా డబ్బు తీసుకోకూడదు; 2014లో జార్జియా యూనివర్సిటీ ఆటగాడు టాడ్ గర్లీ సంతకాలకు 3,000 డాలర్లకు పైగా తీసుకున్నాడని నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 600 డాలర్లు, ఆపైన ఉన్న ఒప్పందమైతే ఆటగాడు దాన్ని నమోదు చేయించాలి.

చిక్కంతా లెక్కలో ఉంది. మన సినిమా డిస్ట్రిబ్యూటర్ల మినిమం గ్యారంటీ లాంటిదే ఇది. సంతకాల కోసం జనం హాలుకు వచ్చినా రాకపోయినా ఆటగాడి పదివేలు ఆటగాడివే. హాలు, సెక్యూరిటీ, ఇన్సూరెన్స్‌కు 1,500 వేసుకుందాం. అసలు సంతకమేనని ధ్రువీకరించే కంపెనీకి ఒక్కోదానికి 10, కార్డు చార్జీలకు 3 పోతే, 100లో చేతికొచ్చేది 87. అంటే 133 అమ్ముడైతే గానీ పెట్టుబడి తిరిగి రాదు. మొత్తం 200 అమ్ముడైనా లాభం 5,900. ముగ్గురూ పంచుకుని పన్ను కూడా కట్టాలి. 80 దగ్గర ఆగిపోతే 4,540 నష్టం.

అన్నిటికీ ఒకే ధర పెట్టడం ఇంకో పొరపాటు. ఫొటో మీద సంతకం కోరే విద్యార్థి 100 ఇవ్వడు, వెళ్లిపోతాడు. హెల్మెట్ తెచ్చే డీలర్‌కు మాత్రం అదే ధర చవక, ఎందుకంటే అతను దాన్ని ఎక్కువకు అమ్ముకుంటాడు. అందుకే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఫొటోకు ఒక ధర, హెల్మెట్, జెర్సీలకు అంతకంటే ఎక్కువ ధర పెడతారు. పేరుతో పాటు ఇంకేదైనా రాయాలంటే అదనం.

అమ్ముడుపోని సంతకాలను ఫొటోల మీద పెట్టించి దాచుకుంటే విలువ పెరుగుతుందని మీవాడు అనవచ్చు. టెక్సాస్ కాలేజీ ఆటగాడు ఆర్చ్ మ్యానింగ్ సంతకం చేసిన ఒకే ఒక్క ఆటగాడి బొమ్మ కార్డు 2023 వేలంలో 1,02,500 డాలర్లు పలికిన మాట నిజమే. కానీ అలాంటి కార్డు ఇంకోటి లేదు. మీవాడి దగ్గర ఉండేవి ఒకేలాంటి డజన్ల కొద్దీ సంతకాలు. 2012లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన జానీ మాంజీల్, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు సీజన్లే ఆడాడు. ఆటగాడి కెరీర్ అలా ముగిస్తే సంతకాన్ని కొనేవాళ్లు తగ్గిపోతారు.

ఇవన్నీ పక్కన పెట్టినా, నాకు అసలు భయం వీసా గురించే. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి పని అనుమతి లేకుండా వ్యాపారం నడపకూడదు. కౌంటర్ దగ్గర కూర్చుని టోకెన్లు అమ్మినా ఇబ్బందే. రెండు వేల డాలర్ల లాభం కోసం చదువునూ, ఆ తర్వాత అక్కడ పనిచేయడానికి రావలసిన అనుమతి (ఓపీటీ)నీ పణంగా పెట్టకూడదు.

ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఆపేయమనండి. ఇచ్చేసి ఉంటే, ఒప్పందంలో రద్దు షరతు ఏముందో చూసుకుని, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసునూ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌నూ ఈ వారమే కలవమనండి. మీ దగ్గరున్న డబ్బును తర్వాతి సెమిస్టర్ ఫీజు కోసం ఎఫ్‌డీలో ఉంచండి.