సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే ఆంప్లిఫయర్‌లో మోత: సమాధానం

పెన్‌డ్రైవ్ పాటలకు లేని గుంయ్ మోత సెట్‌టాప్ బాక్స్ తగిలించగానే వస్తోందని పర్లాకిమిడి నుంచి అడిగారు. అలాగైతే ఆంప్లిఫయర్ చెడిపోలేదు. అది గ్రౌండ్ లూప్. కేబుల్ టీవీ వైరు ఒక ఎర్త్‌ని, మీ త్రీపిన్ ప్లగ్గు ఇంకో ఎర్త్‌ని తెస్తాయి. రెంటి మధ్య తేడా ఆడియో వైరు పై అల్లికలోంచి పారి 50 హెర్ట్జ్ మోతవుతుంది.

1. బాక్స్, ఆంప్లిఫయర్ రెంటి ప్లగ్గులూ తీసి, బాక్స్ వెనక కేబుల్ టీవీ వైరు ఒక్కటే విప్పండి. మళ్లీ ఆన్ చేసి వినండి. అందరూ వదిలేసేది ఇదే, ఊరికే ఆడియో వైర్లు మార్చుకుంటూ కూర్చుంటారు. మోత ఆగితే దొంగ దొరికినట్టే.

2. ఆ వైరు మధ్యలో 75 ఓమ్‌ల గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి, ఎర్త్‌లు కలవకుండా ఆపేది) పెట్టండి. డిష్‌కైతే పనికిరాదు, డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే భాగానికి) కరెంటు ఆ వైరులోంచే వెళ్లాలి. డిష్ ఉంటే ఆడియో వైరులో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, చానల్‌కొకటి. మరీ చవకది కొంటే బేస్ పోతుంది.

3. విప్పినా ఆగలేదా? మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 5 వోల్టులు దాటితే వైరింగ్ చూపించాలి. పర్లాకిమిడి ఎండలకు ఎర్త్ గొయ్యి ఎండిపోయిందేమో, నీళ్లు పోయించండి.

ఎర్త్ పిన్ను మాత్రం విరవొద్దు. మోత పోవచ్చు గానీ, లోపల లీకైతే క్యాబినెట్ షాక్ కొడుతుంది.