లాంగ్, షార్ట్‌కి వేరే టేబుల్స్ వద్దు

ట్రేడ్‌లు రాసుకునే డేటాబేస్‌లో లాంగ్‌కి (ముందు కొని తర్వాత అమ్మడం) ఒక టేబుల్, షార్ట్‌కి (ముందు అమ్మి తర్వాత కొనడం) ఇంకోటి పెట్టాక షార్ట్‌లో లాభం వచ్చినా మైనస్ చూపిస్తోందన్నారు కదండీ, చిక్కంతా ఆ విడదీయడంలోనే ఉంది. కొన్నామా అమ్మామా అన్నది ఆర్డర్ సంగతి, లాంగా షార్టా అన్నది పొజిషన్ (ఆ ఆర్డర్ల వల్ల చేతిలో నిలిచిన ట్రేడ్) సంగతి. రెండూ ఒకే కాలమ్‌లో కలపకండి.

ప్రతి ఫిల్‌కీ, అంటే ఆర్డర్‌లో ఎగ్జిక్యూట్ అయిన ప్రతి భాగానికీ, ఒక రో: సింబల్, సైడ్ (కొన్నామా అమ్మామా), ధర, టైమ్, ఎప్పుడూ ప్లస్‌లోనే ఉండే క్వాంటిటీ. పొజిషన్ టేబుల్లో మాత్రం షార్ట్ అయితే క్వాంటిటీ మైనస్. అప్పుడు ఎగ్జిట్ ధరలోంచి ఎంట్రీ ధర తీసేసి క్వాంటిటీతో గుణిస్తే చాలు, రెండింటికీ అదే లెక్క. 400కి 25 షార్ట్ చేసి 390కి కొన్నారనుకోండి, −10 × −25, అంటే 250 లాభం. లాంగా షార్టా అని కోడ్‌లో ఇఫ్‌లు రాయక్కర్లేదు.

అసలు టెన్షన్ పెట్టేది ఫ్లిప్. చేతిలో 50 లాంగ్ ఉండగా ఫ్యూచర్స్‌లో 75 అమ్మితే, 50తో పాతది మూసుకుపోయి 25తో కొత్త షార్ట్ మొదలవుతుంది. అలాగని ఫిల్ రోని ముక్కలు చేస్తే బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌తో టాలీ చేసేటప్పుడు తల బద్దలవుతుంది, అందుకే ఏ ఫిల్‌లోంచి ఎంత ఏ పొజిషన్‌కి వెళ్లిందో రాసే చిన్న లింక్ టేబుల్ పెట్టండి.

ధర కాలమ్‌కి ఫ్లోట్ (సుమారు విలువ దాచే టైప్) వద్దు, డెసిమల్ వాడండి. షేర్లు అరువు తెచ్చుకుంటే తప్ప మన క్యాష్ మార్కెట్లో షార్ట్ ఇంట్రాడేకే (అదే రోజు మూసేయాలి) కాబట్టి ప్రోడక్ట్ టైప్ (ఇంట్రాడేనా, డెలివరీనా) కాలమ్ కూడా ఉండాలి.