వెనక గేటు తాళం చెవి ఎవరి దగ్గరుంది?

జనం వ్యతిరేకిస్తున్న ప్రాజెక్టుల్లో పనిచేసే భవన కార్మికుల భద్రతకు ఏం చేయాలి అని అడిగారు. ఇలా అడగ్గానే అందరికీ గుర్తొచ్చేది గేటు దగ్గర పోలీసులు, బయటి నుంచి పడే రాళ్లు. అలాంటి సైటులో రెండేళ్లు సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేశాను. మా మీద ఒక్క రాయి పడలేదు. ప్రమాదమంతా లోపలే ఉంది.

కోర్టు స్టే వల్ల మూడు నెలలు పని ఆగింది. స్టే ఎత్తేసిన మర్నాటి నుంచి ఆ మూడు నెలల పనీ కూలీల చేత చేయించడం మొదలుపెట్టారు. మళ్లీ ఎప్పుడు ఆపేస్తారో అని డబుల్ షిఫ్టులు. ఓ తెల్లవారుజామున నాలుగింటికి, ఆరో అంతస్తులో పరంజా విప్పుతున్న కుర్రాడు కాలు జారాడు. బెల్టు హుక్కు తగిలించుకున్నాడు కాబట్టి కింద పడలేదు, గాల్లో వేలాడాడు. హమ్మయ్య అనుకుంటాం కదా? అసలు టెన్షన్ అక్కడే. అలా కదలకుండా వేలాడితే పట్టీలు తొడల్ని నొక్కేసి రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. కాసేపట్లో స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోవచ్చు.

"అన్నా, కాళ్లు తెలియట్లేదు" అన్నాడు, మెల్లగా.

"ఆడించరా, ఆపకు!" అని నేను అరుస్తున్నాను. ఇద్దరు స్లాబు అంచు నుంచి తాడేసి లోపలికి లాగారు. ఇంతలో అంబులెన్స్ వెనక గేటుకొచ్చింది. ఆందోళన చేసేవాళ్లు చొరబడతారని ఆ గేటుకి గొలుసు కట్టారు. తాళం చెవి సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గర, ఆయనేమో ఇంట్లో నిద్రలో. కటింగ్ మెషీన్ తెచ్చి గొలుసు కోశాం. సైటులో పద్నాలుగు కెమెరాలున్నాయి, పద్నాలుగూ ప్రహరీ వైపే! పరంజా వైపు ఒక్కటీ లేదు.

కుర్రాడు బతికాడు. రిజిస్టర్‌లో రాయబోతే మేనేజర్ అడ్డుపడ్డారు. "రాయకండి, రేపు కోర్టులో అవతలి లాయర్ ఇదే చదువుతాడు" అన్నారు. వివాదం ఉన్న ప్రాజెక్టులకు ఉండే జబ్బు ఇదే. బయట పరువు పోతుందని లోపలి సంగతి కాగితం మీదకు రానివ్వరు. రెండు వారాలకు అదే అంతస్తులో, అదే మూల, ఇంకొకడు జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. మొదటిది రాసుంటే ఆ మూలకి రెయిలింగ్ వచ్చేది, నాకు అనుమానమే లేదు.

గొడవలున్న చోట భద్రత కుదరదని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన మీదా కేసులు పడ్డాయి. అయినా పని జరిగేటప్పుడు కింద వల కట్టించారు, అందులో పడి 19 మంది బతికారు. అయితే 1937 ఫిబ్రవరి 17న పనివాళ్లు నిలబడే వేదికే ఊడి, వలను చీల్చుకుంటూ కిందికి పోయింది. 10 మంది చనిపోయారు. వల ఉంది కదా, బెల్టు ఉంది కదా అని మిగతాది వదిలేస్తే అంతే.

ఉద్యోగం మానేసే ముందు నేను చేయగలిగింది ఒక్కటే. ఆ తాళానికి మారు చెవి చేయించి, లిఫ్టు పక్కన మేకుకి తగిలించాను. రెండు రోజులకే సెక్యూరిటీ వాళ్లు తీసేశారు.